మున్సిపల్ కౌన్సిల్‌లో గొడవ దేని మీద? అజెండా నుంచి అవిశ్వాసం దాకా నియమాలు చెప్పేది ఇదీ

గోదావరి జిల్లాల పేజీలు తిరగేస్తే ఒక వార్త తరచూ తగులుతుంది: "రసాభాసగా కౌన్సిల్ సమావేశం". ఊరు మారుతుంది, పార్టీలు మారతాయి, ఫొటో మాత్రం మారదు. ఛైర్‌పర్సన్ కుర్చీ ముందు నలుగురు నిలబడి చేతులు ఊపుతుంటారు, ఒకరి చేతిలో అజెండా కాగితాలు, పక్క వరసలో అధికారులు ఫైళ్లు ముందేసుకుని మాట్లాడకుండా కూర్చుని ఉంటారు. ఎవరు ఎవర్ని ఏమన్నారో వార్తలో ఉంటుంది. అసలు ఏ నియమం దగ్గర గొడవ మొదలైంది, ఆ నియమం ప్రకారం ఎవరి మాట చెల్లుతుంది అన్నది చాలాసార్లు ఉండదు.

అది తెలియకపోతే నష్టపోయేది మనమే. మంచినీళ్ల చెరువులో పూడిక తీయాలా వద్దా, వర్షాలకు ముందే డ్రెయిన్లు బాగుచేయాలా, మార్కెట్ ఆశీలు పాట ఎంతకు పాడించాలి, ఇంటి పన్ను ఎంత పెంచాలి, ఇవన్నీ తేలేది ఆ హాల్లోనే. బయటికి రాజకీయంగా కనిపించే చాలా గొడవల లోపల ఉండేది పద్ధతి గురించిన ప్రశ్న: ఎవరు కూర్చోవచ్చు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎంతమంది ఉండాలి, చివరికి సమావేశంలో తేలింది రాసిపెట్టే మినిట్స్ పుస్తకంలో ఏమని రాయాలి. ఆ పుస్తకంలో ఎక్కిందే చట్టం కళ్లకు కనిపిస్తుంది, హాల్లో అరిచింది కాదు. అక్కడి నుంచి చూస్తే మిగతా విషయాలు సులువుగా అర్థమవుతాయి.

## ఏ చట్టం ఎవరికి వర్తిస్తుంది

పట్టణాలకు ఎన్నికైన పాలన తప్పనిసరి అని రాజ్యాంగంలో రాసింది 74వ సవరణ. 1992లో పాసై, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదేళ్ల గడువు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు రిజర్వేషన్లు, రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఎన్నికలు, ఇవన్నీ దాంతో వచ్చినవే. పట్టణాలకు అప్పగించదగిన 18 అంశాల జాబితా కూడా అప్పుడే 12వ షెడ్యూల్‌గా చేరింది. అందులో ఎన్ని నిజంగా అప్పగించాలన్నది మాత్రం రాష్ట్రాలకే వదిలేశారు. ఆ వదిలేయడం దగ్గరే సగం తగువు ఉంది.

సమావేశం ఎలా పెట్టాలి, ఎవరు అనర్హులు లాంటి రోజువారీ విషయాలు రాష్ట్ర చట్టంలో ఉంటాయి. మున్సిపాలిటీలకు, నగర పంచాయతీలకు 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల చట్టం. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు లాంటి చోట్లకు కార్పొరేషన్ల చట్టాలు వేరు. ఒకచోట కౌన్సిలర్, ఛైర్‌పర్సన్ అంటే, ఇంకోచోట కార్పొరేటర్, మేయర్ అంటారు. పద్ధతులు దగ్గరదగ్గరగానే ఉన్నా అంకెలు అక్కడక్కడా తేడా వస్తాయి కాబట్టి కింద చెప్పే లెక్కలు మున్సిపాలిటీవి అనుకోండి, కార్పొరేషన్ సంగతి వచ్చినప్పుడు విడిగా చెబుతాను.

ఇక్కడే ఒక గందరగోళం తీర్చాలి. "కోడ్ ఉంది కాబట్టి కౌన్సిల్ మీటింగ్ లేదు" అని వింటుంటాం. ఆ కోడ్ ఎన్నికల ప్రవర్తనా నియమావళి, ఎన్నికల షెడ్యూల్ రాగానే మొదలై ఎన్నికలు ముగిశాక పోతుంది. కౌన్సిలర్లు ఎలా నడుచుకోవాలన్న నియమాలు దానితో సంబంధం లేకుండా ఐదేళ్లూ ఉంటాయి.

## హాల్లో కూర్చునేవాళ్లంతా ఓటు వేయలేరు

అమలాపురం, మండపేట లాంటి పట్టణాల్లో 2021 ఎన్నికలు 30 వార్డులకు జరిగాయి. అలాంటి ఒక పట్టణాన్నే లెక్కకు తీసుకుందాం. వార్డుల నుంచి గెలిచినవాళ్లు 30 మంది. వీళ్లకు తోడు ఆ ప్రాంతం ఎమ్మెల్యే, ఎంపీ ఎక్స్ అఫీషియో సభ్యులు, అంటే పదవి రీత్యా సభ్యులు. మన రాష్ట్రంలో వీళ్లకు ఓటు కూడా ఉంది. ఆ పట్టణంలో ఓటరుగా నమోదైన ఎమ్మెల్సీ, రాజ్యసభ సభ్యుడు ఉంటే వాళ్లూ వస్తారు. ఒక నియోజకవర్గంలో రెండు మూడు పట్టణాలు ఉంటే ఏ ఊళ్లో ఓటు వేస్తారో ముందుగా ఆప్షన్ ఇవ్వాలి. మన ఊళ్లో ఎమ్మెల్యే, ఎంపీ ఇద్దరే అనుకుందాం. మొత్తం 32 ఓట్లు.

మూడో రకం కో ఆప్షన్ సభ్యులు. మున్సిపల్ పాలనలో అనుభవం ఉన్నవాళ్లను, మైనారిటీలకు చెందినవాళ్లను కౌన్సిలే ఎన్నుకుని తెచ్చుకుంటుంది. అనుభవం పేరుతో వచ్చినవాళ్లు మాట్లాడొచ్చు, సలహా ఇవ్వొచ్చు, ఓటు మాత్రం లేదని రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణమే చెబుతోంది. ఢిల్లీలో మేయర్ ఎన్నిక నెలల తరబడి ఆగిపోయింది కూడా ఈ ప్రశ్న మీదే. నామినేటెడ్ సభ్యులు మేయర్ ఎన్నికలో ఓటు వేయకూడదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో తేల్చింది.

ఎమ్మెల్యేకు కౌన్సిల్‌లో ఓటు ఎందుకు అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ ఉండేదే. పట్టణానికి నిధులు తెచ్చేది రాష్ట్రం నుంచి, ఆ దారి తెలిసినవాడు ఎమ్మెల్యే, ఆయన బయట ఉండి ఒత్తిడి చేసే బదులు లోపల కూర్చుని బాధ్యతగా మాట్లాడటం మేలు కదా అంటారు కొందరు. వార్డు ప్రజలు గెలిపించిన 30 మంది చెరిసగం చీలిపోతే వార్డుతో సంబంధం లేని రెండు ఓట్లు ఛైర్‌పర్సన్‌ను నిర్ణయించడం ఏం న్యాయం అంటారు ఇంకొందరు. నాకు రెండో వాదనలో బరువు ఎక్కువ కనిపిస్తుంది, అయినా మొదటిది తీసిపారేసేది కాదు, ఎందుకంటే ఎమ్మెల్యే మాట్లాడిన మాట కౌన్సిల్‌లో అయితే మినిట్స్‌కు ఎక్కుతుంది, గెస్ట్‌హౌస్‌లో అయితే ఎక్కదు.

సభ్యులు కానివాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ స్థానిక సంస్థల్లో మహిళలకు సగం సీట్లు. చాలా ఊళ్లలో "కౌన్సిలర్ గారు" అని పిలిపించుకునేది ఆమె భర్త. ఆయనకు కౌన్సిల్‌లో ఏ హోదా లేదు. సభ్యుల వరసలో కూర్చోవడానికి, సభ్యురాలి బదులు మాట్లాడటానికి, రిజిస్టర్లో సంతకం పెట్టడానికి ఎవరూ అనుమతి ఇవ్వలేరు, ఛైర్‌పర్సన్ కూడా. మిగతా జనంలాగే ఆయనా ప్రేక్షకుడు. ఇంత స్పష్టంగా ఉన్న విషయాన్ని అలవాటు పేరుతో చూసీ చూడనట్టు వదిలేయడం ఆ మహిళలకు ఓటేసిన వార్డుకు చేసే అన్యాయం.

## ఛైర్‌పర్సన్ అధికారం ఎంత, కమిషనర్ అధికారం ఎంత

కౌన్సిల్ నిర్ణయిస్తుంది, కమిషనర్ అమలు చేస్తాడు. ఫైలు మీద సంతకం, సిబ్బంది, బిల్లులు, నోటీసులు కమిషనర్ చేతిలో ఉంటాయి. ఆయన సమావేశానికి రావాలి, అడిగితే వివరణ ఇవ్వాలి, ఓటు మాత్రం ఉండదు. తీర్మానం చట్టానికి విరుద్ధంగా ఉందనిపిస్తే ప్రభుత్వానికి రాయొచ్చు, ప్రభుత్వం దాన్ని ఆపొచ్చు, రద్దు కూడా చేయొచ్చు.

ఇది తెలియకే వార్డులో "మీ కౌన్సిలర్ ఒక్క లైటు కూడా వేయించలేకపోయాడు" అన్న మాట వస్తుంది. ఒంటరిగా ఏ కౌన్సిలర్‌కూ లైటు వేయించే అధికారం లేదు. ప్రశ్న అడగొచ్చు, అంశం పెట్టమని ఇవ్వొచ్చు, తీర్మానానికి ఓటు వేయొచ్చు. అతని బలమంతా సమావేశంలోనే ఉంది. అందుకే ఆ సమావేశం ఎలా నడుస్తుందన్నది అంత ముఖ్యం.

## అజెండా: మూడు పూర్తి రోజుల లెక్క

సాధారణ సమావేశం నెలకొకటి జరగాలి. తేదీ, సమయం, చర్చించే అంశాలతో సభ్యులకు మూడు పూర్తి రోజుల ముందు నోటీసు వెళ్లాలి. పూర్తి రోజులు అన్నదగ్గరే చాలామంది పొరబడతారు. సమావేశం 28వ తేదీ ఉదయం 11కి అనుకోండి. సమావేశం జరిగే 28ని లెక్కలోకి తీసుకోరు, నోటీసు ఇచ్చిన రోజునూ తీసుకోరు. మధ్యలో 25, 26, 27 ఖాళీగా ఉండాలి. అంటే నోటీసు 24 నాటికి సభ్యుడి చేతిలో ఉండాలి. 25 సాయంత్రం ఇంటికి పంపించి "మూడు రోజుల ముందే ఇచ్చాం" అంటే కుదరదు.

మూడు రోజులు ఎందుకో ఒక అంశం తీసుకుని చూద్దాం. డెల్టాలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలే మనకు తాగునీళ్లు కూడా. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, ఆలోపే మంచినీళ్ల చెరువు నింపుకోకపోతే కాలువ మళ్లీ వదిలేదాకా ఊరికి ట్యాంకర్లే దిక్కు. మార్చి సమావేశం అజెండాలో ఇలాంటి అంశం ఒకటి వచ్చిందనుకోండి: "వేసవి నిల్వ చెరువు గట్టు మరమ్మతులు, పూడికతీతకు రూ. 18 లక్షల అంచనా, సాధారణ నిధుల నుంచి భరించుటకు కౌన్సిల్ వారి పరిశీలన, ఆమోదం నిమిత్తం". అంకె ఉదాహరణకు వేసిందే. చూడటానికి ఒక వాక్యం. కానీ పని తెలిసిన కౌన్సిలర్ అయితే ఇందులోంచి నాలుగు ప్రశ్నలు తీస్తాడు. కిందటేడు ఇదే గట్టుకు ఎంత పెట్టారు? తీసిన పూడిక ఎక్కడ పోస్తారు, ఆ రవాణా ఖర్చు ఇందులో ఉందా? కాలువ కట్టే తేదీకి పని అయిపోతుందా, లేకపోతే చెరువు ఖాళీ చేసి మనమే చిక్కుల్లో పడతామా? సాధారణ నిధుల నుంచే ఎందుకు, వేరే గ్రాంటు లేదా? ఈ ప్రశ్నలకు ఆధారం కావాలంటే ఇంజనీరింగ్ సెక్షన్‌కు వెళ్లి ఫైలు చూడాలి, చెరువు దగ్గరికి వెళ్లి గట్టు చూసి రావాలి. దానికే ఆ మూడు రోజులు.

ఇప్పుడు టేబుల్ అజెండా సంగతి. సమావేశం మొదలయ్యాక బల్ల మీద పంచే అదనపు కాగితాన్నే అలా పిలుస్తారు. "మేడమ్, ఈ కాగితం ఇప్పుడే చేతికొచ్చింది, చదవకుండా ఎలా ఆమోదిస్తాం?" అని ఒకవైపు, "అర్జెంటు పని, ఇప్పుడు కాదంటే ఇంకో నెల పోతుంది" అని ఇంకోవైపు. పోడియం దగ్గర గొడవలు చాలావరకు ఇక్కడ పుడతాయి.

అర్జెంటు అన్న మాట ఎప్పుడూ అబద్ధం కాదు. అక్టోబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు కురిస్తే, డ్రెయిన్లో గుర్రపుడెక్క అడ్డుపడి కాలనీల్లో నీళ్లు నిలిస్తే, పూర్తి రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోలేం. అందుకే అత్యవసర సమావేశం అని ఒకటి ఉంది, ముందు పని చేయించి తర్వాత కౌన్సిల్ ముందు ర్యాటిఫికేషన్‌కు, అంటే జరిగిపోయిన పనికి ఆమోదం కోసం, పెట్టే పద్ధతీ ఉంది. చిక్కు ఎక్కడంటే, వరద పనికి ఉద్దేశించిన దారిలోనే షాపుల లీజు పొడిగింపు, అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ కాంట్రాక్టు లాంటివి కూడా వచ్చేస్తుంటాయి. లీజు గడువు ఎప్పుడు ముగుస్తుందో లీజు ఇచ్చిన రోజే తెలుసు. అది చివరి నిమిషంలో అర్జెంటు ఎలా అయిందో అడిగే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంది, అడిగితీరాలి కూడా.

## కోరం, ఓటు, వాకౌట్

కోరం అంటే సమావేశం చెల్లాలంటే హాజరు కావాల్సిన కనీస సంఖ్య. సాధారణ సమావేశానికి మూడో వంతు. మన ఊళ్లో 32లో మూడో వంతు 10.67, అంటే 11 మంది. పది మందే వస్తే కొంతసేపు చూసి వాయిదా వేయాల్సిందే. ఛైర్‌పర్సన్, వైస్ ఛైర్‌పర్సన్ ఎన్నిక సమావేశానికైతే సగం మంది కావాలి. 2025 ఫిబ్రవరిలో కాకినాడ జిల్లా తునిలో వైస్ ఛైర్మన్ ఎన్నిక మళ్లీ మళ్లీ వాయిదా పడింది అందుకే: ఘర్షణ వాతావరణం మధ్య కోరానికి చాలినంత మంది హాల్లోకి రాలేదు.

ఓటింగ్‌లో లెక్క వేరు. మామూలు తీర్మానానికి హాజరై ఓటేసినవాళ్లలో ఎక్కువ మంది ఎటుంటే అటు. 20 మంది వచ్చారు, 9 మంది అవునన్నారు, 8 మంది కాదన్నారు, ముగ్గురు ఊరుకున్నారు అనుకుంటే తీర్మానం పాసైనట్టే. 32 మంది ఉన్న కౌన్సిల్‌లో తొమ్మిది చేతులతో నిర్ణయం అయిపోయింది. రెండువైపులా సమానంగా వస్తే అధ్యక్షత వహించినవారికి ఇంకో ఓటు, దాన్నే కాస్టింగ్ ఓటు అంటారు.

ఇది చూస్తే వాకౌట్ విలువ ఎంతో, ఎంత కాదో తెలుస్తుంది. 18 మంది ఉన్నప్పుడు ఐదుగురు లేచి వెళ్లిపోతే ఇంకా 13 మంది ఉంటారు, కోరం పోదు, పైగా వ్యతిరేక ఓట్లు ఐదు తగ్గి తీర్మానం ఇంకా సులువుగా పాసవుతుంది. నిరసన పేపర్లోకి వస్తుంది, వ్యతిరేకత మినిట్స్‌లోకి రాదు. అదే ఐదుగురు కూర్చుని "మేము దీన్ని వ్యతిరేకిస్తున్నాం, కారణాలు ఇవీ" అని రాతపూర్వకంగా డిసెంట్ ఇచ్చి నమోదు చేయమంటే, రేపు ఆడిట్‌లోనో కోర్టులోనో ఆ కాగితం పలుకుతుంది. బయటికి నడవడంలో కూడా అర్థం ఉంటుంది, కాదనను. ఛైర్‌పర్సన్ మైకు ఇవ్వనప్పుడు, అంశాలన్నీ ఒక్క ఊపులో "ఆమోదించడమైనది" అని చదివేస్తున్నప్పుడు వాళ్లకు మిగిలేది అదే. కానీ డిసెంట్ ఇచ్చి బయటికి నడవడానికీ, ఊరికే నడవడానికీ మధ్య తేడా ఎంతో ఉంది.

మినిట్స్ గురించి ఒక్క మాట. హాల్లో గంటన్నర వాదన జరిగినా పుస్తకంలోకి వచ్చేది సాధారణంగా ఒకటి రెండు వాక్యాలు: అంశం, తీర్మానం నంబరు, "ఆమోదించడమైనది" లేదా "వాయిదా వేయడమైనది" లేదా "తిరస్కరించడమైనది". వీటిలో వాయిదాకు, తిరస్కరణకు చాలా తేడా. వాయిదా పడ్డ అంశం వచ్చే నెల మళ్లీ అదే రూపంలో రావొచ్చు. హాల్లో తిరస్కరించిందాన్ని పుస్తకంలో వాయిదాగా రాశారన్న ఆరోపణలు అప్పుడప్పుడూ వినిపించేది ఇందుకే. గత సమావేశం మినిట్స్ చదివి వినిపించేటప్పుడు చాలామంది టీ తాగుతుంటారు. నిజానికి దిద్దుబాటు అడగాల్సిన సమయం అదే.

## సభ్యుడు ఏం చేయకూడదు

చట్టం ఇక్కడ మూడు వేర్వేరు సంగతులు చెబుతుంది, జనం వాటిని కలిపేస్తుంటారు.

మొదటిది హాల్లో ప్రవర్తన. సభ నడిపే అధికారం ఛైర్‌పర్సన్‌ది. మరీ అదుపు తప్పిన సభ్యుణ్ణి సమావేశం నుంచి బయటకు పంపొచ్చు. అయితే ఒకటి మర్చిపోకూడదు, ఎమ్మెల్యేలకు శాసనసభలో ఉండే ప్రత్యేక హక్కులు కౌన్సిలర్లకు లేవు. రాజ్యాంగంలోని 194 అధికరణం శాసనసభలకే. కౌన్సిల్‌లో ఒకరి మీద అబద్ధపు ఆరోపణ చేస్తే "సభలో అన్నాను" అన్న రక్షణ అలా దొరకదు.

రెండోది సొంత లాభం. మున్సిపాలిటీతో నడుస్తున్న కాంట్రాక్టులో వాటా ఉన్నవాడు సభ్యుడిగా కొనసాగడానికి అనర్హుడు. అది కాక, తనకో తన వ్యాపార భాగస్వామికో డబ్బు ప్రయోజనం ఉన్న అంశం వచ్చినప్పుడు దాని మీద మాట్లాడకూడదు, ఓటు వేయకూడదు. అందరికీ సమానంగా తగిలే అంశాలకు ఇది వర్తించదు.

ఇది చదవడానికి సులువు, వర్తింపజేయడమే కష్టం. ఇంటి పన్ను పెంపు మీద కౌన్సిలర్ ఓటు వేయొచ్చా? వేయొచ్చు, ఆ పన్ను ఊరంతా కడుతుంది, అతనూ కడతాడు. మున్సిపల్ కాంప్లెక్స్‌లో రెండు షాపులు అతని పేరున ఉన్నాయి, ఆ లీజుల రెన్యువల్ వచ్చింది. ఓటు వేయకూడదు, చర్చలో కూడా ఉండకూడదు. ఊరి చివర అతను భాగస్వామిగా వేసిన లేఅవుట్ ముందు నుంచి సీసీ రోడ్డు ప్రతిపాదన వచ్చింది. రోడ్డు అందరిదే, నిజం. కానీ స్థలాల ధర పెరిగేది ఎవరికి? నా లెక్కలో తప్పుకోవాలి. ఇక చెత్త తరలించే ట్రాక్టర్ల కాంట్రాక్టు బావమరిది పేరున ఉందనుకోండి. చట్టంలో మాట తను, తన భాగస్వామి అని ఉంటే బావమరిది అందులోకి వస్తాడా? డబ్బు ఎవరిది, బ్యాంకు ఖాతా ఎవరు నడుపుతున్నారు, బిల్లు కోసం ఆఫీసు చుట్టూ తిరిగేది ఎవరు అన్నది చూడాలి. పరోక్ష ప్రయోజనం నిరూపించడం కష్టం కాబట్టే ఇలాంటివి ఎక్కువగా బంధువుల పేర్ల మీద నడుస్తాయి. ఊళ్లో అందరికీ తెలుసు, ఫైల్లో ఎక్కడా ఉండదు.

లంచం సంగతికి వస్తే సందేహమే లేదు. మున్సిపల్ కౌన్సిలర్ అవినీతి నిరోధక చట్టం కింద పబ్లిక్ సర్వెంటే అని రాజస్థాన్ కేసు ఒకదానిలో 2013లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జీతం తీసుకునే ఉద్యోగిని కాదు కదా అన్న వాదన నిలవలేదు.

మూడోది హాజరు, బకాయిలు. వరుసగా మూడు నెలలు కౌన్సిల్ సమావేశాలకు రాకపోతే సభ్యత్వానికే ముప్పు. మున్సిపాలిటీకి కట్టాల్సిన బాకీ నోటీసు వచ్చినా కట్టకపోతే అదీ అనర్హతే. సమావేశాలు బహిష్కరిస్తామన్న వర్గం కూడా మూడో నెల వచ్చేసరికి వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టి, ఐదు నిమిషాలు కూర్చుని, నినాదాలిచ్చి వెళ్లిపోవడం మీరు చూసే ఉంటారు. దాని వెనక ఉన్నది ఈ నిబంధనే. అనర్హత అంటే ఆ రోజే కుర్చీ ఖాళీ అయిపోదు, నోటీసు, వివరణ, కోర్టు ఉంటాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న పాత నిబంధనను మాత్రం రాష్ట్రం 2024లో ఎత్తేసింది. ఇంకా ఉందనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

## విప్: పార్టీ మాటా, వార్డు మాటా

ఫిరాయింపుల చట్టం అని మనం పిలిచే రాజ్యాంగ పదో షెడ్యూల్ పార్లమెంటుకు, శాసనసభలకే వర్తిస్తుంది. కౌన్సిలర్‌కు వర్తించదు. కాబట్టి కౌన్సిలర్ కండువా మార్చిన రోజే పదవి పోతుందన్నది అపోహ. అయితే ఛైర్‌పర్సన్, వైస్ ఛైర్‌పర్సన్ ఎన్నికల్లో, అవిశ్వాస ఓటింగ్‌లో గుర్తింపు పొందిన పార్టీ తన గుర్తు మీద గెలిచినవాళ్లకు విప్, అంటే ఫలానావైపే ఓటేయాలన్న ఆదేశం, ఇవ్వొచ్చని రాష్ట్ర చట్టం చెబుతుంది, దాన్ని ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. ఆ ఓటు చేతులెత్తే పద్ధతిలో ఉంటుంది కాబట్టి ఎవరు ఎటు వేశారో దాచడానికి లేదు. చెరువు పూడికతీత మీద ఓటుకు ఈ విప్ భయం లేదు.

విప్ లేకపోతే 32 మంది కౌన్సిల్లో నలుగురిని కొనేస్తే ఛైర్‌పర్సన్ మారిపోతుంది, రిసార్టు క్యాంపులు ఇంకా పెరుగుతాయి అని సమర్థించేవాళ్లు అంటారు. వార్డు స్థాయిలో జనం మనిషిని చూసి ఓటేస్తారు, అలాంటివాణ్ణి పార్టీ ఆఫీసు నుంచి వచ్చిన కాగితంతో కట్టేస్తే వార్డు మాట ఎవరు చెబుతారు అని వ్యతిరేకించేవాళ్లు అడుగుతారు. విప్ ఉన్నా క్యాంపులు ఆగలేదన్నది మనం కళ్లారా చూస్తున్నదే. చేతులెత్తే పద్ధతి మంచిదా, రహస్య బ్యాలెట్ మంచిదా అంటే రహస్య బ్యాలెట్‌కూ దాని సమస్యలు ఉన్నాయి. చండీగఢ్ మేయర్ ఎన్నికలో ఎన్నికల అధికారే ఎనిమిది బ్యాలెట్ల మీద గీతలు గీసి చెల్లకుండా చేస్తే 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఫలితాన్నే కొట్టేసింది.

## అవిశ్వాసం: ఒక్క ఓటు తేడా

అవిశ్వాసం పెట్టాలంటే ముందు సభ్యుల్లో కనీసం సగం మంది సంతకాలతో నోటీసు ఇవ్వాలి. తర్వాత అధికారి ఏర్పాటు చేసిన ప్రత్యేక సమావేశంలో మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది అవునని ఓటేయాలి. హాజరైనవాళ్లలో రెండొంతులు కాదు, మొత్తం సభ్యుల్లో. మన ఊరి లెక్కలో నోటీసుకు 16 సంతకాలు, నెగ్గడానికి 22 ఓట్లు. పదకొండు మంది రాకుండా ఇంట్లో కూర్చుంటే చాలు, తీర్మానం వీగిపోయినట్టే. రాకపోవడం కూడా ఒక ఓటే ఇక్కడ.

పెద్ద నగరంలో ఇదెలా పనిచేస్తుందో 2025 ఏప్రిల్‌లో విశాఖలో చూశాం. కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు కలిపి 111 మంది, కావాల్సింది 74, వచ్చింది సరిగ్గా 74. ఒక్కరు తగ్గినా మేయర్ ఉండేవారు. డెల్టా పక్కనే కాకినాడలో 2017 సెప్టెంబరులో ఎన్నికైన మేయర్ 2021 అక్టోబరులో అవిశ్వాసంతో దిగిపోయారు. రెండు చోట్లా నాలుగేళ్లు నిండాకే ఇది జరగడం యాదృచ్ఛికం కాదు, నాలుగేళ్ల లోపు నోటీసే ఇవ్వకూడదని వాటికి వర్తించిన చట్టంలో ఉంది.

ఈ నాలుగేళ్ల కవచం మీద అభిప్రాయాలు గట్టిగానే ఉన్నాయి. ఏడాదికోసారి అవిశ్వాసం బెదిరింపు ఉంటే ఛైర్‌పర్సన్ పని చేయడు, సభ్యుల్ని బుజ్జగించడంతోనే కాలం గడిచిపోతుంది, కాబట్టి స్థిరత్వం కావాలన్నది ఒక వాదన. పనిచేయని ఛైర్‌పర్సన్‌ను నాలుగేళ్లు భరించి చివరి ఏడాదిలో మార్చి సాధించేది ఏముంది, అప్పటికి రాష్ట్రంలో ప్రభుత్వం మారి ఉంటే అవిశ్వాసం పనితీరు మీద కాక అధికార పార్టీ బలం మీద నడుస్తుంది కదా అన్నది ఇంకోటి. కాకినాడలోనూ, విశాఖలోనూ అవిశ్వాసానికి ముందు రాష్ట్రంలో ప్రభుత్వం మారి ఉందన్న సంగతి ఈ రెండో వాదనకు బలం ఇస్తుంది.

## కౌన్సిలే లేని ఊళ్లలో ఈ నియమాలన్నీ ఏమవుతాయి

డెల్టాలో ఈ ప్రశ్న ఊహ కాదు. 2021 మార్చి మున్సిపల్ ఎన్నికల్లో రాజమహేంద్రవరం, భీమవరం, తణుకు, పాలకొల్లు, తాడేపల్లిగూడెం లేవు. పక్క గ్రామాల విలీనం, వార్డుల హద్దులు, కోర్టు కేసులు లాంటి కారణాలతో ఆగిపోయాయి. 2014లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2019లో ముగిశాక అక్కడ పాలన ప్రత్యేకాధికారి చేతికి వెళ్లింది.

ప్రత్యేకాధికారి ఉన్నచోట కౌన్సిల్ చేయాల్సిన తీర్మానం ఆయనే చేస్తాడు. తీర్మానానికి నంబరు ఉంటుంది, పుస్తకం ఉంటుంది. కోరం ఉండదు, డిసెంట్ ఉండదు, "మేడమ్, ఈ కాగితం ఇప్పుడే వచ్చింది" అనేవాళ్లు ఉండరు. పనులు గొడవ లేకుండా త్వరగా అవుతున్నాయి, ఇలాగే బాగుందని భీమవరం వైపు వ్యాపారులు కొందరు అనడం విన్నాను. ఆ మాటలో కొంత నిజం ఉంది, మంచి అధికారి దొరికితే రోడ్లు పడతాయి. కానీ ఫలానా కాలనీలో డ్రెయిన్ ఎందుకు రాలేదని అడగాలంటే కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకోవడం తప్ప ఊళ్లో నిలదీయడానికి మనిషి లేడు. అధికారికి బదిలీ వస్తే ఆ అర్జీ మళ్లీ మొదటికి వస్తుంది.

రాజ్యాంగం ఇక్కడ ఏ వెసులుబాటూ ఇవ్వలేదు. 243యు అధికరణం ప్రకారం ఐదేళ్ల గడువు ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తికావాలి, మధ్యలో రద్దయితే ఆరు నెలల్లో. వార్డుల విభజన, ఓటర్ల జాబితా లాంటి సాకులతో వాయిదా వేయడం కుదరదని 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వాల వైపు నుంచి వచ్చే జవాబు కూడా వినాలి: గ్రామాలు కలిశాక పాత వార్డులతో ఎన్నిక పెడితే కలిసిన ఊళ్ల జనానికి సరైన ప్రాతినిధ్యం ఉండదు, కోర్టు స్టే ఉంటే ఎన్నికల సంఘం ముందుకు వెళ్లలేదు. స్టే వరకు ఒప్పుకోవచ్చు. ఐదేళ్లు దాటిన ఆలస్యానికి అది సరిపోదు.

2021 మార్చిలో గెలిచిన అమలాపురం, మండపేట, రామచంద్రపురం, నరసాపురం, నిడదవోలు, కొవ్వూరు కౌన్సిళ్లకు ఐదేళ్ల లెక్క 2026 మార్చితో సరి. ఆ వెంటే 2027 గోదావరి పుష్కరాలు. ఘాట్లు, రోడ్లు, తాత్కాలిక మరుగుదొడ్లు, పారిశుధ్యం, నది ఒడ్డున ఉన్న ప్రతి పట్టణంలోనూ పెద్ద మొత్తాల అంచనాలు, చాలావాటి మీద అర్జెంటు అన్న ముద్ర. రాజమహేంద్రవరం, కొవ్వూరు, నరసాపురం లాంటి చోట్ల ఆ తీర్మానాల కింద ఒక్క అధికారి సంతకం ఉంటుందా, వార్డుల నుంచి గెలిచినవాళ్ల ఓట్లు ఉంటాయా అన్నది ఎన్నికల తేదీని బట్టే ఉంటుంది. ఏదైనా సరే ఆ తీర్మానాలు, మినిట్స్ ప్రజల కాగితాలే, 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సినవే.